ముందు డబ్బాకు చెప్పండి!

వికారాబాద్ అనగానే ఒకప్పుడు అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టిన చోటు గుర్తొచ్చేవి. ఇప్పుడు వాటికి తోడు 'రాడార్ స్టేషన్' అనే మాట కూడా వినిపిస్తోంది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అందరి నోటా రాడార్ అనే నలిగింది కానీ, నిజానికి అది రాడార్ కాదు. సముద్రం లోపల తిరిగే జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రం. ఇలాంటిది మన దేశంలో ఇప్పటికే ఒకటి తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో ఉంది. దామగుండంలో వస్తున్నది రెండోది. అడవి గురించి, చెట్ల గురించి జరిగిన చర్చ పెద్దది. దాన్ని ఒక్క పేజీలో తేల్చలేం.

ఇవాళ మనం చెప్పుకోబోయే రేడియో చాలా చిన్నది. బల్ల మీద పట్టేస్తుంది. పేరు హామ్ రేడియో. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాసి, టెలికమ్యూనికేషన్ల శాఖ నుంచి లైసెన్సు తీసుకుని నడుపుకోవచ్చు. దాని పక్కన ఉండాల్సిన ఒక డబ్బా కథే ఈ వారం ముచ్చట. ఆ డబ్బా మాట్లాడదు. దాన్ని తగిలించాక మనం మాట్లాడినా బయట దాదాపు ఎవరికీ వినపడదు. మరి ఎందుకంటారా? ముందు నా తెలివితక్కువతనం గురించి చెప్పాలి.

పది సెకన్లు... మూడు వేలు!

లైసెన్సు వచ్చిన కొత్త. ఎంతోమంది చేతులు మారిన పాత సెట్టొకటి కొన్నాను. యాంటెనా కట్టడానికి ఆదివారం దాకా ఆగాలి. ఆగే ఓపిక ఉంటే నేను నేనెందుకవుతాను? సెట్టు పనిచేస్తోందో లేదో చూద్దామని, వెనక ఏమీ తగిలించకుండానే మైకు బటన్ నొక్కాను. మీటరు ముల్లు ఎగిరింది. నా ఆనందం కూడా ఎగిరింది. పది సెకన్ల తర్వాత కమురు వాసన. ముల్లు పడిపోయింది. మళ్లీ లేవలేదు.

సెట్టును సంచిలో పెట్టుకుని తాండూరు రైలెక్కాను. అక్కడ నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఉద్యోగం నుంచి రిటైరై, పగలు సెట్లు బాగుచేస్తూ, రాత్రి ప్రపంచంతో కబుర్లు చెబుతుంటారు. షాబాద్ బండల గచ్చు మీద చాప పరిచి, సెట్టు మూత విప్పి, ఒక్కసారి వాసన చూశారు.

"యాంటెనా పెట్టకుండ ఒత్తినవా తమ్మీ?"

"ఒత్తిన సార్. పది సెకన్లే..."

"కాలనీకి రెండు సెకన్లు చాలు."

చివరి ట్రాన్సిస్టర్లు రెండూ పోయాయి. విడిభాగాలు, రానుపోను ఖర్చులు కలిపి మూడు వేల పైచిలుకు. ఆయన చేతికూలి తీసుకోలేదు. కానీ లేచి, అటక మీదున్న పాత రంగుల డబ్బా దించి నా ముందు పెట్టారు. మూత మీద ఒక కనెక్టర్ బిగించి ఉంది. "మా ఇంట్ల దీన్ని మూగ రేడియో అంటరు. నువ్వు ఏం చెప్పేదున్నా ముందు దీనికి చెప్పు. తర్వాత లోకానికి చెప్పు" అన్నారు.

దాని అసలు పేరు డమ్మీ లోడ్.

నల్లా కట్టేస్తే ఏమవుతుంది?

మోటారు వేసి, అవతల నల్లా కట్టేశామనుకోండి. నీళ్లు ఎటూ పోలేవు. ఆ ఒత్తిడంతా పైపు మీద, మోటారు మీద పడుతుంది. ట్రాన్స్‌మీటర్ సంగతీ అంతే. అది పుట్టించే విద్యుత్తు యాంటెనా గుండా తరంగాలై బయటికి పోవాలి. దారి లేకపోతే వెనక్కి తిరిగొస్తుంది. వచ్చి ట్రాన్సిస్టర్ల మీదే పడుతుంది. ఇప్పటి సెట్లలో చాలావాటికి ఇలాంటప్పుడు శక్తిని తగ్గించుకునే రక్షణ ఉంటుంది. పాతవాటికీ, ఇంట్లో తయారుచేసుకున్నవాటికీ ఆ భరోసా ఉండదు.

డమ్మీ లోడ్ చేసే పని ఒక్కటే. యాంటెనా స్థానంలో కూర్చుని, వచ్చిన శక్తినంతా వేడిగా మార్చేయడం. సెట్టుకేమో యాంటెనాతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. బయటికి మాత్రం దాదాపు ఏమీ పోదు.

సెట్టు కాలకుండా ఉండటం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. అది మనకు కాదు, పక్కవాడికి!

ఆ ఈల ఎవరిది?

2004 డిసెంబరు. మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అండమాన్ వెళ్లింది. నాయకురాలు భారతీ ప్రసాద్. అండమాన్ నుంచి హాములు మాట్లాడటం చాలా అరుదు. అందుకే ప్రపంచంలోని హాములంతా ఆ స్టేషన్ కోసం వెతుకుతున్నారు. సరదాగా మొదలైన యాత్ర అది. 26 ఉదయం భూమి కంపించింది. సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఫోన్లు మూగబోయాయి. ఆ సరదా సెట్టే అత్యవసర సెట్టు అయింది. ఎవరు క్షేమంగా ఉన్నారు, ఎక్కడ ఏం కావాలి అన్న సందేశాలు ఆ బృందం ద్వారా ప్రధాన భూభాగానికి చేరాయి.

అలాంటి వేళ ఒక్క క్షణం ఊహించుకోండి. సముద్రం అవతలి నుంచి సన్నటి గొంతు వస్తోంది. పేర్లు చెబుతోంది. వినేవాళ్లు చెవులు రిక్కించి రాసుకుంటున్నారు. సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీలో, ఎక్కడో ఒక ఊళ్లో ఒకాయన తన సెట్టు సరిచూసుకుందామని బటన్ నొక్కాడు. 'ఊఁ...' అంటూ పొడుగాటి ఈల. దాని కింద ఒక పేరు మునిగిపోయింది. ఆయనకేం ద్రోహచింత లేదు. తన సెట్టు చూసుకుంటున్నాడంతే. కానీ ఆ పేరు కోసం ఎదురుచూసే ఇల్లు ఒకటుంటుంది కదా?

హాముల ఫ్రీక్వెన్సీలు ఎవరి సొంతమూ కావు. చెరువులాగా ఊరుమ్మడి ఆస్తి. అంతర్జాతీయ హాముల సంఘం 14.300 మెగాహెర్ట్జ్‌ను అత్యవసర సమాచారానికి కేంద్రంగా గుర్తించింది. అలాంటి చోట్ల మామూలు రోజుల్లోనూ పరీక్షలు పెట్టుకోకూడదు. సెట్టు పరీక్షకు యాంటెనా అవసరం లేదు, డబ్బా చాలు.

కొనేముందు మూడు ప్రశ్నలు

ఒకటి: ఎన్ని ఓమ్‌లు? హామ్ సెట్లు దాదాపు అన్నీ 50 ఓమ్‌ల లెక్కతో తయారవుతాయి. డమ్మీ లోడ్ కూడా 50 ఓమ్‌లదే కావాలి. టీవీ కేబుల్ వాళ్ల దగ్గర దొరికేవి 75 ఓమ్‌లవి. చూడటానికి కవలపిల్లల్లా ఉన్నా ఇక్కడికి పనికిరావు.

రెండు: ఎన్ని వాట్లు, ఎంతసేపు? చేతిలో పట్టే వాకీటాకీ అయిదు వాట్లు ఇస్తుంది. బల్ల మీది సెట్టు సాధారణంగా వంద. '100 వాట్లు' అని పెద్ద అక్షరాల్లో ఉంటే సంబరపడకండి. పక్కన చిన్న అక్షరాల్లో ఎన్ని సెకన్లో, ఎన్ని నిమిషాలో రాసి ఉంటుంది. అదే అసలు సంగతి. ఎఫ్ఎం సెట్టు బటన్ నొక్కినంతసేపూ పూర్తి శక్తి వదులుతుంది. ఎస్ఎస్‌బీ పద్ధతిలో మాటల మధ్య ఖాళీలో కాస్త విశ్రాంతి దొరుకుతుంది. మీ సెట్టు ఏ రకమో చూసుకుని, అవసరానికి రెట్టింపు సామర్థ్యమున్నది తీసుకుంటే నిశ్చింత.

మూడు: ఏ ఫ్రీక్వెన్సీ దాకా? 7, 14 మెగాహెర్ట్జ్ దగ్గర బుద్ధిగా ఉన్న లోడ్, 144 దగ్గరకొచ్చేసరికి మొండికేయవచ్చు. ఎక్కువ ఫ్రీక్వెన్సీలకు ఎన్ టైపు కనెక్టర్ ఉన్నది మేలు.

ఇంట్లోనే చేసుకుంటారా?

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే సామాను దొరుకుతుంది. 1000 ఓమ్‌ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు, ఒక్కోటి 2 వాట్లవి, ఇరవై తీసుకోండి. అన్నింటినీ పక్కపక్కన సమాంతరంగా కలిపితే 1000ని 20తో భాగించినట్టు, సరిగ్గా 50 ఓమ్‌లు. ఇరవై రెళ్లు నలభై వాట్లు. రెసిస్టర్ల కాళ్లు ఎంత పొట్టిగా కత్తిరిస్తే అంత మంచిది. లోహపు డబ్బాలో పెట్టి మూత బిగించాలి.

అడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. తెల్లగా ఇటుకముక్కలా ఉండే సిమెంట్ రెసిస్టర్ చూపించి, "ఇదొక్కటే పది వాట్లు, తీసుకోండి" అనవచ్చు. వద్దు. వాటిలో చాలావరకు లోపల తీగ చుట్టి ఉంటుంది. చుట్టిన తీగ అంటే కాయిల్. మామూలు కరెంటుకు ఫరవాలేదు గానీ, రేడియో ఫ్రీక్వెన్సీలకు అడ్డం తిరుగుతుంది. మల్టీమీటరు 50 చూపిస్తుంది, సెట్టుకు మాత్రం ఇంకేదో కనిపిస్తుంది.

పాతకాలం వాళ్లు బల్బు తగిలించేవారు. వెలుగు చూసి శక్తిని అంచనా వేసేవారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ 230 వోల్టుల 100 వాట్ల పాత బల్బు పూర్తిగా వెలిగినప్పుడు నిరోధం 529 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదోవంతు కూడా ఉండదు. క్షణక్షణానికీ మాట మార్చేవాణ్ని సాక్షిగా పెట్టుకుంటామా? పైగా అద్దం బుడ్డిలోంచి రేడియో తరంగాలు కొంత బయటికే పోతాయి.

అమెరికాలో హీత్‌కిట్ కంపెనీ వెనకటికి 'క్యాంటెనా' అనే డమ్మీ లోడ్ కిట్ అమ్మేది. గ్యాలన్ డబ్బా నిండా నూనె పోసి, అందులో రెసిస్టర్ ముంచడం దాని కిటుకు. వేడిని నూనె పంచుకుంటుంది. తాండూరు పెద్దాయన డబ్బా కూడా ఆ బాపతే. మీరూ చేస్తానంటే శుభ్రమైన మినరల్ ఆయిల్ కొనండి. పాత ట్రాన్స్‌ఫార్మర్లలోంచి తీసిన నూనె జోలికి పోవద్దు. వాటిలో కొన్నింట్లో పీసీబీ అనే విష రసాయనం ఉంటుంది. వేడెక్కిన గాలి పోవడానికి మూతకు సన్నటి రంధ్రం ఉండాలి. పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాలి.

వాడటం ఇలా...

ముందు లోడ్ తగిలించండి. ఆ తర్వాతే సెట్టు ఆన్ చేయండి. తక్కువ శక్తితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. పది సెకన్లు నొక్కితే, కనీసం నిమిషం వదిలేయండి. వేడెక్కాక డబ్బాను ముట్టుకోకండి.

నడుమ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెడితే ముల్లు ఒకటి దగ్గర నిలబడాలి. నిలబడకపోతే లోడ్‌లోనో, కనెక్టర్లోనో, మీటర్లోనో తేడా ఉంది. అది తేలాకే యాంటెనా వంక చూడండి. యాంటెనాతో మొరాయించే సెట్టు డబ్బాతో చక్కగా పనిచేసిందా? అయితే సెట్టును విప్పకండి. రోగం మిద్దె మీదుంది.

ఇక అసలు పాఠం. నిరుడు వానల తర్వాత నా ఎస్‌డబ్ల్యూఆర్ అద్భుతంగా తయారైంది. పొంగిపోయి తాండూరుకు ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. "మూగ రేడియోకు కూడా గంతే వస్తది గద తమ్మీ. మరి అది ఎవరికన్న వినపడ్డదా? కేబుల్ చూసుకో" అన్నారు.

కేబుల్ యాంటెనా వైపు చివర డబ్బా తగిలించి, రెండు వైపులా శక్తి కొలిచాను. సెట్టు దగ్గర ఇరవై వాట్లు బయల్దేరితే, అవతల చేరినవి తొమ్మిది. సగానికి పైగా దారిలోనే ఆవిరి! కనెక్టరు విప్పితే లోపల పచ్చగా చిలుము. నీళ్లు దిగి, నా కేబులే నాకు చెప్పకుండా డమ్మీ లోడ్ అయిపోయింది. పోయిన శక్తి తిరిగి రాదు కాబట్టి ముల్లు నిమ్మళంగా కూర్చుంది. నేను దాన్ని చూసి మురిసిపోయాను.

కేబుల్ మార్చాను. సాయంత్రం డబ్బాతో ఒకసారి సరిచూసుకుని, యాంటెనా తగిలించి, అయిదు నిమిషాలు ఊరికే విన్నాను. ఎవరూ లేరని తేలాక, ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా అని అడిగి, అప్పుడు పిలిచాను. తాండూరు నుంచే మొదటి జవాబొచ్చింది.

"ఇప్పుడు మంచిగ వినపడుతున్నవ్ తమ్మీ. డబ్బాకు చెప్పినవా ముందుగాల?"

చెప్పాను సార్!