తేనెటీగల వేళ నెరిగి మందు చల్లుడు



తేనెటీగకు వేళ తెలియును. 1929లో జర్మనీ దేశమున ఇంగెబోర్గ్ బేలింగ్ అను శాస్త్రజ్ఞురాలు ఈగలకు ప్రతిదినము ఒకే వేళకు చక్కెరనీరు పెట్టి, ఒకనాడు పెట్టక చూచినది. ఆనాడును అవి ఆ వేళకే వచ్చినవి.

కర్నూలు, కడప జిల్లాల పొద్దుతిరుగుడు చేలలో పుప్పొడి దొరకునది ఉదయపు వేళ. ఈగలు అప్పుడే చేరును. అవి పుప్పొడిని పూవునుండి పూవునకు చేర్చనిచో తాలుగింజలు ఎక్కువగును. అయినను చల్లపూట పని తీరునని మనలో పలువురు ఆ ఉదయమే మందు చల్లుచున్నారు. కూలి అడుగని పనివారిని చంపుకొనుట మనకు లాభమా?

పూతలో మందు తప్పనిచో పొద్దు వాలి, ఈగలు తుట్టె చేరిన పిమ్మటనే చల్లుడు. అంతకుముందు నాలుగు దినములు గట్టున నిలిచి అవి వచ్చు వేళ, మరలు వేళ వ్రాసికొనుడు. గ్రామాధికారులు ఈ మాట పదిమందికి చెప్పవలెనని నా మనవి.