వీసా మీద ఏ నంబరుందో అడగండమ్మా

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె దిక్కునుంచి కువైట్‌కు పోయే ఆడోళ్లలో శానామంది పాస్‌పోర్టు చేతికి రాకముందే ఏజెంటుకు దుడ్లు కడతా ఉండారు. టమాటా అమ్మితే కోతకూలి గూడా రాని ఏడు అప్పు తీర్చే దోవ ఇంకేముండాది? బోయకొండ గంగమ్మకు మొక్కుకుని విమానమెక్కుతారు. వీసా కాగితంలో ఏం రాసిండాదో చూసినోళ్లు తక్కువ.

చూడాల్సింది అదే. కువైట్‌లో 20 నంబరు వీసా అంటే ఇంటిపని. 18 అంటే ప్రైవేటు కంపెనీ పని. 20 మీద పోయినామె కఫీల్ ఇల్లు దాటి ఇంకోచోట పనికి చేరితే, జీతం ఎగ్గొట్టినా పోలీసు దగ్గరికి పోలేదు. ముందు పట్టుకునేది ఆమెనే. విజిట్ వీసా అయితే పనిచేసే హక్కే లేదు. 2018లో, 2020లో, 2024లో కువైట్ సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది ఇట్లా కాగితాల్లేక దాక్కున్నోళ్ల కోసమే.

మన సర్కారు ఏమీ చేయలేదని నేననను. పది పాసుగానోళ్లకిచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల. ఇంటిపనికి పోయే ఆడోళ్లకు 30 ఏండ్లు నిండాల. 2016 నుంచి వీళ్లను ప్రైవేటు ఏజెంటు పంపకూడదు, సర్కారు ఏజెన్సీలే పంపాల. మన రాష్ట్రంలో ఆ పని ఓంక్యాప్‌ది. ఆ దోవన పోతే పని ఒప్పందం ఉంటాది. 275 రూపాయలకే రెండేండ్లకు 10 లక్షల బీమా ఉంటాది.

అయితే ఓంక్యాప్ పేరు మన పల్లెల్లో ఎంతమంది విన్నారు? ఆఫీసేమో విజయవాడ దిక్కు. ఏజెంటేమో పక్క వీధిలోనే. 25 ఏండ్ల పిల్లకు క్లియరెన్స్ రాదని చట్టం చెప్తే, వాడు విజిట్ వీసా తీసి దుబాయ్‌కి ఎక్కిస్తాడు, ఆడనుంచి ఇంకో దేశానికి. కాపాడాలని పెట్టిన వయసు నిబంధనే వాడికి బేరమైపోయింది. ఆ పిల్లకు ఒప్పందం లేదు, బీమా లేదు. ఆమె పనికి పోయినట్ల సర్కారు లెక్కలో గూడా ఉండదు. దెబ్బలు తిన్నా, సచ్చిపోయినా ఇంట్లోవాళ్లు ఏ కాగితం చూపించి అడగాల?

లైసెన్సున్న ఏజెంటైనా సర్వీసు ఛార్జీ కింద 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. రసీదు ఇయ్యాల. లైసెన్సు నంబరు అడిగితే కోపమొచ్చేవాడికి దుడ్లు ఇయ్యొద్దు.

వారానికొకనాడు పుంగనూరు తహశీల్దార్ ఆఫీసులో ఒక మనిషిని కూర్చోబెట్టి, వీసా కాగితం చదివి చెప్పించేదానికి ఎంత ఖర్చవుతుంది? ఓట్లప్పుడు కువైట్‌కు ఫోన్లు చేసే నాయకులు ఈ ఒక్క కుర్చీ వేయించలేరా?