పాటలో కానరాని పని

ముంబయి నగరమునందు కుర్లా పేటవాసి యగు యువకుడొకడు 2014వ సంవత్సరమున తన చేతనున్న ఐప్యాడుమీదనే పాటను పాడి పట్టించి, దానితోనే చిత్రమును గూడ తీసి, యూట్యూబునందు విడిచెను. నేజీ యను పేరున ప్రసిద్ధుడైన యాతని ‘ఆఫత్’ అను ఆ పాట వెనుక స్టూడియో లేదు, ధనికుడు లేడు. మరుసటి యేట అంధేరీ వాసి యగు డివైన్‌తో గూడి యాతడు పాడిన ‘మేరే గల్లీ మే’ వెలువడెను. అది మొదలు ఆ నగరపు ఇరుకు సందులు దేశమంతట ప్రతి పడుచువాని చేతిలోని ఫోనునందును కానవచ్చుచున్నవి.

రాప్ అను ఈ వచనగానము అమెరికానుండి తెచ్చిన యెరువు సొమ్మని మన పెద్దలు కొందరు మొగము ముడుచుకొనుచున్నారు. హార్మోనియము గూడ పడమటినుండి వచ్చినదే గదా! దానిని తీసివేసినచో మన రంగస్థలమునందు పద్యమెట్లు నిలుచునో వారే చెప్పవలెను. న్యూయార్కు నగరమున బ్రాంక్స్ పేటలోని నల్లవారి బిడ్డలు తమ గోడు చెప్పుకొనుటకు కల్పించుకొన్న రీతి, మన కూలిపేటల బిడ్డలకు నోరిచ్చినచో అందు వగవవలసిన దేమియు లేదు. అంతకు ముందు సినిమాలలో కూలివాని కొడుకు నాయకుని వెంట దిరుగు నమ్మినబంటుగానో, తన్నులు దినుటకు వచ్చిన రౌడీగానో తరచుగ కానవచ్చుచుండెను. ఇప్పుడు వాడు తన సందులో తానే నిలిచి, కెమెరా కన్నులలోనికి సూటిగ జూచి, తన బొంబాయి హిందీలోనే మాటాడినాడు. ఇది చిన్న సంగతి కాదు.

ఐనను ఈ చిత్రములను వరుసగ జూచినవారి కొక సందేహము కలుగక మానదు. సందు కనబడును, మేడమీది నీళ్ల తొట్టి కనబడును, మోటారు సైకిలు కనబడును, పాడువాని వెనుక పదిమంది మిత్రులు చేతులు విసరుచు నిలిచియుందురు. వీరందరును తెల్లవారి యెక్కడికి పోవుదురు? ఏ పని చేయుదురు? కూలి యెంత? పాటలోని పౌరుష మంతయు నిలుచున్న భంగిమయందును, చూపునందును, ఎదిరివానిని గద్దించు మాటయందును ఉన్నదే గాని పనిచేయు చేతియందు లేదు. ఇది పాడువారి లోపమని మేము తలపము. దీనికి మూలము ఆ నగరపు చరిత్రలోనే యున్నది.

ఒకప్పుడు బొంబాయి పాటయం దంతటను పనియే యుండెను. 1940 దశకమున అణ్ణాభావు సాఠే, అమర్ షేఖ్, గవాణ్‌కర్ మొదలగు షాహీరులు డప్పు చేతబట్టి మిల్లుపేటలలో పాడినప్పుడు, వినుచున్నవారు మగ్గముల యొద్దనుండి వచ్చినవారే. సాఠే తానును మిల్లులో కూలిచేసినవాడే. నాటి శ్రామికుని మగతనమునకు రెండు ఆధారము లుండెను. ఒకటి చేతిలోని పనితనము, రెండవది సంఘము. ఆ మిల్లులలో మన తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలు వేలకొలది యుండిరి. కామాఠిపురమునకు ఆ పేరు వచ్చినది మన తెలుగు కూలీలవలననే. కాబట్టి యిది పరాయి వారి కథ యని తెలుగువారు చేతులు కడుగుకొన వీలులేదు.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మె గట్టిరి. ఆ సమ్మె గెలువలేదు. మిల్లులు ఒకదానివెంట నొకటి మూతపడెను. పరేలు ప్రాంతమున పొగగొట్టములు నిలిచిన చోట అద్దాల మేడలును, అంగడి భవనములును లేచినవి. తాత మగ్గము నడిపిన చోటనే మనుమడు కావలివాని దుస్తులు దొడిగి, వచ్చువారికి తలుపు తెరచుచున్నాడు. లేదా ఒకరి కారు నడుపుచున్నాడు, మోటారు సైకిలుపై యింటింటికి భోజనపు పొట్లములు చేర్చుచున్నాడు. వీనికి తోటి పనివాడు లేడు, సంఘము లేదు, నేర్చిన పనితనమును గుర్తించువాడు లేడు. పనియందలి గౌరవము పోగా వీనికి మిగిలినది వీధియందలి గౌరవమే. పాటలో వీధి నిండిపోవుటకు కారణమిది.

2019 ఫిబ్రవరిలో వచ్చిన జోయా అఖ్తర్ గారి ‘గల్లీ బాయ్’ చిత్రము ఈ సంగతిని కొంత గ్రహించినది. కుర్లా, అంధేరీ యువకుల కథను ధారావికి మార్చిన ఆ చిత్రమున నాయకుడు మురాద్ ఒక డ్రైవరు కొడుకు. తండ్రి కాలు విరిగినందున తానే కారెక్కును. వెనుక కూర్చుండిన ధనికుల బిడ్డ కన్నీరు పెట్టుకొనుచుండ, ముందున్న వీడు ఓదార్చుటకు నోరు తెరువలేడు. కూలి పుచ్చుకొను పడుచువాని స్థితి అంతకంటె బాగుగ చూపిన ఘట్టము ఈ నడుమ మేము చూడలేదు. ఆ చిత్రముననే విదేశీయాత్రికులు మురాద్ యిల్లు చూడవచ్చు ఘట్టము నున్నది. పేదవాని గది యొక వింత వస్తువైనది! కాని లోకము ఆ కారులోని మౌనమును తీసుకొనలేదు. ‘అప్నా టైమ్ ఆయేగా’ అను పాట పేరు చొక్కాలపై అచ్చొత్తించుకొని తిరిగినది. చిత్రమునకు 2020లో పదమూడు ఫిలింఫేర్ బహుమానములు వచ్చినవి. ధారావి తోలుపనివాడును, కుంభార్‌వాడ కుమ్మరియు, పాత ప్లాస్టిక్కును ఏరి కరగించువాడును ఉన్నచోటనే యున్నారు.

తరువాతి వీడియోలలో మెడ గొలుసులు బరువెక్కినవి, కార్లు పెద్దవైనవి. పూనా బస్తీనుండి వచ్చిన ఎం.సి. స్టాన్ గొలుసులకే పేరుపడి, 2023లో బిగ్ బాస్ పందెము గెలిచెను. ఆకలి యెరిగినవాడు బంగారము ధరించిన నేరము గాదు. నగలు మనకు క్రొత్తయా? మా చింత వేరు. బస్తీని విడిచి పైకెక్కినవాడే మగవాడని చూపినచో, చిత్రమునందు వాని వెనుక నిలుచున్న పదిమంది యేమగుదురు? ఎక్కలేకపోవుట వారి చేతకానితనమే యగునా? తెల్లవారి పనికి పోవు ఆ పదిమంది ఓడినవారుగ మిగులుచున్నారు.

స్త్రీల మాట చెప్పనే యక్కరలేదు. తల్లి కన్నీరు కార్చుటకు వచ్చును, అక్కచెల్లెండ్రు రానేరారు. ఆ సందులలో నీళ్లు మోయునది వారే, ఇంటింట అంట్లు తోమి కొడుకు ఫోనునకు డబ్బు కట్టునదియు వారే.

మన యొద్ద 2025లో ‘రాను బొంబాయికి రాను’ అను తెలంగాణపు పాట లోకమంతట మ్రోగినది. ప్రియుడు రమ్మనుటయు, ప్రియురాలు రానని బెట్టుసేయుటయు గల సరసపు పాట యది, అట్లే ఆనందింతము. కాని తరతరములుగ బొంబాయికి వలసపోయి మట్టిపని చేసిన పాలమూరు ఇండ్లలో, బొంబాయికి రానను మాట యొక యాడుదాని నోట వచ్చెనేని దానివెనుక వేరొక కథయే యుండును. ఆ కథను పాటగట్టి చిత్రము తీయువాడు మన పల్లెలలో లేకపోడు. నేజీ చేతిలో నున్నపాటి సాధనము నేడు వాని చేతిలోనున్నది. వాడు కెమెరాను ఒక్క దినము తెల్లవారుజామున అడ్డామీద నిలుపవలెనని మా కోరిక. మేస్త్రీ వచ్చి, పదిమందిని జూచి, నలుగురిని వ్రేలితో పిలిచి, మిగిలినవారిని మరునాడు రమ్మనువరకు అది అక్కడనే యుండవలెను.