ఊరియేలు ఎవరి దూత?



పాశ్చాత్య వాద్యబృంద సంగీతం ప్రస్తావన రాగానే మనవారిలో కొందరు "అందులో దేవదూతలుంటారు, అది చర్చి సంగీతం, మనకెందుకు?" అని పెదవి విరుస్తారు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఈ మాట పలుమార్లు విన్నాను. ఈ మాటకు వెరచి తోటివారి ముందు పాడటమే మానుకున్న విద్యార్థులను ఎరుగుదును. కనుక ఊరుకోలేను.

ముందు పదం సంగతి. హీబ్రూలో 'మలాఖ్' అంటే వార్తాహరుడు. తెలుగు అనువాదకులు 'దూత' అన్నారు. అంతకన్న తగిన మాట లేదు. రాయబారం పద్యాలను తెల్లవార్లూ విన్న జాతికి, హనుమంతుని దౌత్యాన్ని కొలిచే జాతికి, దూత పరాయివాడా?

ఇక చర్చి సంగతి. హేడన్ 1798లో వియన్నాలో వినిపించిన 'సృష్టి'లో కథ చెప్పేవారు గబ్రియేలు, రఫాయేలు, ఊరియేలు అనే ముగ్గురు ప్రధానదూతలు. మొదట వాద్యాలు సి మైనరులో తడుములాడుతూ సృష్టికి ముందరి అవ్యవస్థను చూపుతాయి. 'వెలుగు' అన్న మాట దగ్గర బృందమంతా సి మేజరులో ఒక్కసారిగా ప్రజ్వలిస్తుంది. ఆ వెంటనే వినిపించేది ఊరియేలు కంఠం. ఆ పేరుకు అర్థమే దేవుని వెలుగు. మన ప్రాంతపు చర్చిలలో చదివే తెలుగు బైబిలులో ఊరియేలనే దూత కనిపించడు! అతడు హనోకు గ్రంథం వంటి ప్రాచీన యూదు రచనలలోనివాడు. చర్చి గ్రంథంలోనే లేని దూతను చర్చి సొత్తని ఎట్లా అంటారు?

దూతలంటే రెక్కలు తగిలించిన పసిపాపలన్న భ్రమ మరొకటి. యెషయా చూసిన సెరాపులకు ఆరేసి రెక్కలు. వారి కంఠధ్వనికి మందిరపు గడపలు కదిలాయి. యెహెజ్కేలు విన్న రెక్కల చప్పుడు మహాజలాల ఘోష వంటిది. కంభం చెరువు అలుగు దూకే వేళ ఒడ్డున నిలబడితే ఆ ఉపమానం బోధపడుతుంది. అంతటి ధ్వనికి ఒక్క వీణ చాలదు, వాద్యసమూహమే కావాలి.

అయినా ఆ దూతలు ఘోషకే పరిమితం కారు. యూదు కుటుంబంలో పుట్టి, బాల్యంలోనే క్రైస్తవ దీక్ష పొందిన మెండెల్సన్ 1846లో బర్మింగ్‌హామ్‌లో 'ఏలీయా' వినిపించాడు. ప్రాణం విసిగిన ప్రవక్త చెట్టు కింద నిద్రపోగా వాద్యాలన్నీ మౌనం వహిస్తాయి. దూతల మూడు స్త్రీకంఠాలు మాత్రమే అతణ్ణి ఓదారుస్తాయి. ఆ చెట్టును తెలుగు బైబిలు బదరీవృక్షమన్నది, అంటే రేగుచెట్టు! అనువాదకుడు ఆ దూతలను మన నల్లమల అంచుల రేగుచెట్ల నీడకే దించాడు. మనమేమో పొమ్మంటున్నాం.

మార్కాపురం పలక ఏ భాష అక్షరాన్నీ కాదనలేదు. మన చెవులు ఆ రాతికన్న కఠినం కారాదు. కాదనదలచినవారు ముందు 'సృష్టి' మొదటి పది నిమిషాలు వినండి. ఆపైన ఖండించండి, సమాధానం చెబుతాను.