ముఖచౌర్యమునకు శిక్ష యేది?

ఫిల్మ్ నగరులో మాయ యొక గౌరవమైన వృత్తి. ఒకరి పెదవులకు వేరొకరు కంఠ మరువిత్తురు. కథానాయకుడు దూకవలసిన మేడనుండి మరియొకడు దూకును. చేయువాడు సమ్మతించి కూలి పుచ్చుకొనును, చూచువాడు తెలిసియే టికెట్టు కొనును. అట్టి చిత్రము సయితము 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ననుసరించి సెన్సారు పత్రము లేనిదే థియేటరునకు రాజాలదు. ఎన్నికల దినమున మన ఫోనులోనికి వచ్చి పడు బొమ్మకో, పత్రమును లేదు, పేరును లేదు, ఊరును లేదు.

2023 నవంబరు మాసమును పాఠకులు మరచి యుండరు. ఆ మాసము మొదటి వారమున నటి రష్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ శరీరమున కతికించిన దృశ్యము దేశమంతట ప్రాకెను. అదే మాసము 30వ తేదీని తెలంగాణ శాసనసభకు పోలింగు జరుగుచుండగా, నాటి మంత్రి కె. టి. రామారావు కాంగ్రెసునకే ఓటు వేయుడని చెప్పుచున్నట్లు ఏడు సెకన్ల దృశ్యము కాంగ్రెసు పక్షమువారి ఎక్స్ ఖాతానుండి వెలువడెను. అది కృత్రిమ మేధ కల్పితమని పిదప పత్రికలు వ్రాసినవి. ఐదు లక్షలకు పైగా చూపులు దానిపై పడినవట. ఆ యేడు సెకన్లే ప్రభుత్వమును మార్చినవని మే మనము. జనులు మార్పు కోరుటకు వేరు కారణములు పెక్కులు గలవు. గెలువనున్న పక్షమునకు దాని యవసర మేమని మాత్ర మడుగుదుము.

నటి విషయమున 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా యువకు నొకని పట్టుకొనిరి. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టునుండియు, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిలు కోర్టునుండియు తమ రూపమునకు, కంఠమునకు రక్షణ పొందిరి. మంచిదే. 2024 ఏప్రిలులో కేంద్ర హోము మంత్రి అమిత్ షా తెలంగాణ ప్రసంగమును కత్తిరించి రిజర్వేషన్ల విషయమున వక్రించి చూపినప్పుడును (దానికి కృత్రిమ మేధ యక్కరలేదు, కత్తెర చాలును) పోలీసులు వెంటనే కదలిరి. పేరుగల వారికి, పదవిగల వారికి తలుపు తెరచియే యున్నది. మోసపోయిన యోటరు ఏ తలుపు తట్టవలెను?

చట్టమును విప్పి చూతము. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 127-ఎ విభాగము ప్రకారము ఎన్నికల కరపత్రముపై ముద్రాపకుని, ప్రకాశకుని పేళ్లు, చిరునామాలు ఉండితీరవలెను. లేనిచో ఆరు నెలల వరకు ఖైదు. కదలు బొమ్మకు అట్టి నిర్బంధము లేదు. అభ్యర్థి నడవడిపై అబద్ధములాడుట 123(4) విభాగము క్రింద దుష్టాచరణమే. కాని యది అభ్యర్థియో, ఏజెంటో, వారి సమ్మతితో నితరులో చేసిరని హైకోర్టులో రుజువు కావలెను. ఊరు పేరు లేని అభిమానుల ఖాతాకు సమ్మతి యెవ రిచ్చిరో యెవరు రుజువు చేయగలరు? భారతీయ న్యాయ సంహిత 175వ విభాగమున ఇట్టి యబద్ధమునకు శిక్ష జుల్మానా మాత్రమే.

ఎన్నికల సంఘము 2024 మేలో నొకమారు, 2025 అక్టోబరు 24న నొకమారు పక్షములకు హితవు చెప్పినది. కల్పితమైన బొమ్మపై పదియవ వంతు మేర ఆ సంగతి తెలుపు గుర్తుండవలెనట. తప్పుడు బొమ్మను మూడు గంటలలో తీసివేయవలెనట. 2023లో పెక్కు స్థానములలో పోలింగు జరిగినది పది గంటలే. అందు మూడు గంటలు అబద్ధమునకు వదలుట యెట్టి న్యాయము?

త్రోవ లేకపోలేదు. మన హైకోర్టునుండి పోయిన జెమిని టెలివిజను వ్యాజ్యముననే సుప్రీంకోర్టు 2004 ఏప్రిలు 13న టెలివిజనులో రాజకీయ ప్రకటనలకు ముందుగా ధ్రువీకరణము పొందవలెనని విధించెను. అట్లే 127-ఎ విభాగమును కదలు బొమ్మకును విస్తరింపవలెను. పోలింగునకు ముందటి 48 గంటలలోను, పోలింగు వేళలోను సమ్మతి లేని కల్పిత ముఖమును, కంఠమును ఎన్నికలకై ప్రచురించుట ఖైదునకు తగిన నేరము కావలెను. అయితే తుడిచివేయు నధికారము మంత్రుల చేతికి, వారి యుద్యోగుల చేతికి పోరాదు. పోయినచో వ్యంగ్యచిత్రములును, వారికి రుచింపని నిజములును మొదట తుడిచిపెట్టుకొని పోవును. ఆ దినములలో రేయింబవళ్లు అందుబాటులో నుండు న్యాయాధికారి జిల్లా కొకరు చాలును.

ఈ కనికట్టు గుట్టు ఫిల్మ్ నగరునకు తెలిసినంతగా నింకెవరికిని తెలియదు. తమ ముఖములకై కోర్టుల కెక్కిన యచటి పెద్దలు, రానున్న యెన్నికలకు ముందుగనే, ఫిలిం చాంబరు తరఫున ఓటరు కొరకును ఒక మహజరు పార్లమెంటునకు పంపవలెను.