ముత్యాల పలువరుస

ఫిల్మ్ నగర్ వైపు వెళ్తే సినిమా పోస్టర్లతో పోటీపడే నవ్వుల బోర్డులు. స్మైల్ డిజైనింగ్‌ట! కూతురి పెళ్ళికి తనకూ అలాంటి నవ్వే కావాలని మా వదిన పట్టుబట్టింది. వెనీర్లంటే సాధారణంగా పంటి పైపొరను కాస్త అరగదీసి అతికించే పెంకులు. అరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టదమ్మా! తెరమీద కనబడేవాళ్ళకది బతుకుతెరువు, మనకేం ఖర్మ?

"బ్రష్ చేస్తే రక్తం వస్తోందన్నావుగా వదినా?" అన్నాను.

"అందుకే ఆ పక్క తోమడం మానేశాను" అంది.

సరిగ్గా తోమాల్సింది అక్కడే! చిగురు అంచున పాచి పేరుకునే కదా అది వాచి రక్తం కారేది. వదిలేస్తే పాచి గట్టిపడి గారవుతుంది. ఇక బ్రష్‌కి లొంగదు, డాక్టరు తీయాల్సిందే. ఇంకా ఉపేక్షిస్తే పంటిని పట్టి ఉంచిన ఎముకే కరిగిపోతుంది. పునాది కుంగుతున్న ఇంటికి వెల్ల వేయించడం దేనికీ?

మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు, పొద్దున రెండు నిమిషాలు, పడుకోబోయేముందు రెండు నిమిషాలు. ఖర్చెంతని? కానీ రాత్రిపూట మన వంటింట్లో గిన్నెలన్నీ తళతళలాడతాయి. వాటిని తోమిన ఇల్లాలి పళ్ళు మాత్రం తెల్లారేదాకా ఆగుతాయి.

వదిన ప్రస్తుతానికి గార తీయించుకుంది. పెంకుల మాట పెళ్ళయ్యాక చూస్తుందట.