రక్తంలో తిరిగేవన్నీ మేస్త్రీలు కావు!

మా బాబాయికి 15 ఏళ్ళుగా షుగరు. ఆమధ్య స్టెంటు కూడా పడింది. పోయిన వారం ఫోన్ చేసి, "ఒరేయ్, మూలకణాలు ఎక్కిస్తే రక్తనాళాల లోపలి పొర మళ్ళీ కొత్తగా వస్తుందట. 6 లక్షలు అడుగుతున్నారు. అరెకరం అమ్మేద్దామనుకుంటున్నా, నువ్వు కాస్త నెట్లో చూసి చెప్పు" అన్నాడు. వాళ్ళిచ్చిన కరపత్రం చూసాక నాకు ఒళ్ళు మండింది. అందులో ఉన్నదంతా అబద్ధమైతే గొడవే లేదు. సగం నిజం, అదీ సమస్య.

1997లో అసహారా, ఇస్నర్ బృందం సైన్స్ పత్రికలో ఒక పేపర్ రాసింది. రక్తంలో తిరిగే కొన్ని కణాలు నాళాల లోపలి పొర కణాల్లా మారగలవని దాని సారాంశం. వీటికి ఎండోథీలియల్ ప్రొజెనిటర్ సెల్స్ అని పేరు. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న మగవాళ్ళలో ఈ కణాల కాలనీలు తక్కువని 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. కరపత్రం ఇక్కడితో ఆగిపోయింది. కథ మాత్రం ఆగలేదు.

2007లో యోడర్ బృందం ఆ కాలనీలనే పట్టిచూస్తే, అవి తెల్లరక్తకణాల జాతివని తేలింది. అవి నాళాలు కట్టలేదు. నిజంగా కట్టగలిగే కణాలు వేరే ఉన్నాయి, రక్తంలో బహు అరుదు. మొదటి రకం పనికిరానివని కాదు. అవి మేస్త్రీలని కేకేసి పిలుస్తాయి, ఇటుక మాత్రం పేర్చవు. మన భాషలో చెప్పాలంటే ఒకే వేరియబుల్ పేరు, ఒక్కో మాడ్యూల్లో ఒక్కో అర్థం! ఈ పేర్ల గందరగోళం తీర్చడానికి 2017లో శాస్త్రవేత్తలు కూర్చుని ఓ ఉమ్మడి ప్రకటనే రాసుకోవాల్సి వచ్చింది. ఈ కణాల్ని పట్టుకుంటాయని యాంటీబాడీ పూసి చేసిన స్టెంట్లు కూడా మందు పూసిన స్టెంట్లని మించలేకపోయాయి.

"ఆశ పెట్టుకోవడం తప్పా?" అంటారు. తప్పు కాదు. ఆశకి బిల్లు వెయ్యడం తప్పు. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప మూలకణాలు ఇంకా చికిత్స కాదు, అనుమతి ఉన్న ట్రయల్లోనే వాడాలి. ట్రయలైతే ఆ ప్రయోగం ఖర్చు రోగి నెత్తిన రుద్దకూడదు. చికిత్సా కాక, ట్రయలూ కాక, మరి ఆ 6 లక్షలు దేనికండీ?

సిగరెట్ మానమని, రోజూ నడవమని చెప్పడానికి ఏ కణాల్నీ లెక్కపెట్టక్కర్లేదు. కానీ దానికి కరపత్రం ఎవడేస్తాడు?

బాబాయికి రెండు ప్రశ్నలు రాసిచ్చా: "ఎక్కించేది సరిగ్గా ఏ కణం? ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరెంత?" నిన్న మళ్ళీ ఫోన్ చేసాడు. నంబరు అడిగితే 50 వేలు తగ్గిస్తామన్నారట!

అరెకరం ప్రస్తుతానికి క్షేమం.